తల కదలకుండా

స్టూడియో వెనక గది
వేసవి మొదట్లో

వదినకు,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. మీ ఇంట్లో ఫోన్ అమ్మ మంచం పక్కనే ఉంటుంది కదా, నేను ఏం అడిగినా నువ్వు సరే, అలాగే అనడం తప్ప ఇంకో మాట అనలేవు. అమ్మకి మనుషులు గుర్తుండకపోవచ్చు గాని, తన గురించి మాట్లాడుకుంటున్నారంటే మాత్రం ఇట్టే పసిగడుతుంది. అందుకని ఉత్తరం. కాగితం మీద నా వేలిముద్రలు నల్లగా పడితే ఏమీ అనుకోకు. వెండి నీళ్ళ మరకలు, సబ్బుకి లొంగవు. నువ్వు నాకు మసిపాప అని పేరు పెట్టింది ఊరికే పోలేదు.

అసలు సంగతికి వస్తాను. అమ్మ పెట్టె అడుగున, పాత దుప్పటి మడతలో, గాజు పలక మీద అమ్మమ్మ ఫొటో దొరికిందని చెప్పాను కదా. ఎవరో ఊరూరా తిరిగే ఫొటోగ్రాఫరు తీసి ఉంటాడు. అది చూసిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఇన్నేళ్ళూ పాస్‌పోర్టు ఫొటోలూ ఆఫీసుల గ్రూపు ఫొటోలూ తీసి తీసి విసుగెత్తిపోయింది. ఇప్పుడు ఆ పాత పద్ధతి నేర్చుకున్నాను. గాజు పలక మీద జిగురుమందు పోసి, నాలుగు మూలలకీ పాకేలా వంచి, వెండి నీళ్ళలో ముంచి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీసెయ్యాలి. ఆరిందంటే ఆ పలక దండగ. సగం పలకలు చెడిపోతున్నాయి. మిగతా సగంలో నాకు బాగా తెలిసినవాళ్ళు కూడా ఎవరి తాతముత్తాతల్లాగో వస్తున్నారు. నాకు కావాల్సింది అదే.

అమ్మమ్మ ఉంది. అమ్మని తీయాలి. ఆ తర్వాత నన్ను నేను తీసుకోవాలి. మూడు తరాలూ గాజు మీదే. శీతాకాలంలో ప్రదర్శన పెట్టుకోమని ఒక హాలు వాళ్ళు మాటిచ్చారు.

ఒకటే చిక్కు. ఈ పద్ధతిలో మనిషి నింపాదిగా నాలుగైదు ఊపిర్లు తీసినంత సేపు కదలకుండా ఉండాలి. అమ్మ తల ఇంకా అలా ఊగుతూనే ఉందా? కుర్చీ వెనక నిలబెట్టి తల ఆనించుకునే ఇనపస్టాండు ఒకటి నా దగ్గర ఉంది. దానితో కుదురుతుందేమో చూద్దాం. ఇంట్లో పగటి వెలుతురు బాగా పడే చోటు ఏదైనా ఉందా? ఉన్న పనికి తోడు ఇంకో పని నీ నెత్తిన పెడుతున్నానని తెలుసు.

నీ
మసిపాప


పై అంతస్తు ఇల్లు
అదే నెల

మసిపాపకు,

నీ మరకలు చూసి అత్తయ్య, ఈ ఉత్తరం బొగ్గుల కొట్టు నుంచి వచ్చిందా అని అడిగారు. అవునన్నాను.

రా. తల ఊగడం ఉంది, కాస్త ఎక్కువైంది కూడా. ఏం అడిగినా వద్దు వద్దు అన్నట్టు అటూ ఇటూ ఆడుతుంది. కొత్తలో నిజంగానే వద్దంటున్నారనుకుని కంచం తీసేసేదాన్ని. కడుపు నకనకలాడుతున్నా తల అదే మాట అంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు తల మాట వినడం మానేశాను, కళ్ళు చూస్తాను.

వెలుతురు మెట్ల మలుపులో బాగుంటుంది. అక్కడ పైకప్పుకి గాజుపలకలు వేశారు. కింద వాటాలో ఉండే కాంపౌండరమ్మ తన బట్టలు అక్కడే ఆరేస్తుంది. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయాక ఆమెకి ఉన్న రాజ్యం ఆ తీగ ఒక్కటే. బతిమాలి ఒక రోజుకి తీయిస్తాను.

మీ అన్నయ్య ఓడ ఇంకా తిరిగి రాలేదు. సరుకు దించడం, ఎక్కించడం, మళ్ళీ దించడం. ఆయన ఉత్తరాల్లో వాతావరణం తప్ప ఇంకేమీ ఉండదు.

మొన్న అత్తయ్య మందుల కోసం వెళ్తూ బస్టాండు మీదుగా నడిచాను. నేను సెలవు పెట్టాక బస్సుల వివరాలు చెప్పే మైకు ముందు కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. ఊళ్ళ పేర్లు సగం మింగేస్తోంది. ఒక ముసలాయన ఏ బస్సో అర్థం కాక తెల్లమొహం వేసుకుని నిలబడితే, నేనే ఆగి చెప్పాను. ఆయన నా వంక వింతగా చూసి, మీ గొంతు ఎక్కడో విన్నట్టుందమ్మా అన్నాడు. ఇంటికి వచ్చేదాకా కాస్త తేలిగ్గా అనిపించింది.

అత్తయ్యకి మాత్రం నేనింకా బస్సమ్మాయినే. కోడలన్న సంగతి ఒక్కోపూట గుర్తుంటుంది, ఒక్కోపూట ఉండదు.

మీ వదిన


స్టూడియో వెనక గది
వేసవి మధ్యలో

వదినకు,

వచ్చీ రాగానే రాద్దామనుకున్నాను, ఒళ్ళు హూనమై పడి ఉన్నాను. పెట్టెలు మోసి, సీసాలు పగలకుండా బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఇంటికి చేరేసరికి నడుము నాది కాదు. రోజూ అమ్మని లేపి కూర్చోబెట్టే నీకు ఈ మాట చెప్పడం సిగ్గుగానే ఉంది.

పలక బాగా వచ్చింది. బాగా అంటే చాలదు. మందునీళ్ళలో వేసినప్పుడు ముందు నీలంగా, మసక మసకగా ఉంటుంది, మనిషి కనపడదు. తర్వాత అడుగు నుంచి ఎవరో పైకి తేలినట్టు నెమ్మదిగా మొహం వస్తుంది. ముడతలన్నీ చెక్కినట్టు వచ్చాయి. కళ్ళు మాత్రం లేతగా, అమ్మమ్మ కళ్ళలాగే ఉన్నాయి. అద్దంలోలాగా అటుది ఇటు పడుతుంది కాబట్టి ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంప మీదికి వచ్చింది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

నువ్వు లేకపోతే ఇది లేదు. ఇనపస్టాండు చూడగానే అమ్మ అంత బెదిరిపోతుందని నేననుకోలేదు. నా మెడకేం పెడుతున్నారే అని అరిచిన అరుపుకి కాంపౌండరమ్మ కిందనుంచి పరిగెత్తుకొచ్చింది. అప్పుడు నువ్వు, స్టాండు తీసెయ్, నేను పట్టుకుంటా అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో పని అయింది. కెమెరా మీద కప్పే నల్లగుడ్డే నీ మీదా కప్పాను. మొదటి పలకకి నువ్వు గుడ్డ కింద తుమ్మావు, అమ్మ తల రెండుగా వచ్చింది. రెండోదానికి అమ్మే నవ్వింది. మూడోదానికి నువ్వు చెవుల వెనక నుంచి ఎలా పట్టుకున్నావో గాని, నేను లోపల ఊపిర్లు లెక్కపెట్టుకుంటున్నంత సేపూ ఆ తల రాయిలా ఉంది. ఎన్నేళ్ళయిందో ఆ తల నిలకడగా ఉండగా చూసి.

ప్రదర్శనకి ఇదే ముఖ్యమైన పలక. వార్నిష్ వేసి దీపం మీద వెచ్చచేశాను. దాని కాగితం ప్రింటు ఒకటి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. అమ్మకి చూపించు.

నీ
మసిపాప


పై అంతస్తు ఇల్లు
వానలు పట్టాక

మసిపాపకు,

ఫొటో అందింది. అత్తయ్య చూసి, మా అమ్మ, ఎంత చిక్కిపోయిందో అన్నారు. మీరేనండీ అంటే ఒప్పుకోలేదు. కాసేపటికి, వెనక ఎవరో ఉన్నారు అన్నారు. ఎవరూ లేరన్నాను.

పోయిన వారం స్నానాలగదిలో జారారు. ఎముకేమీ విరగలేదు, మోచేయి దగ్గర చర్మం లేచిపోయింది. పట్టుకునేలోపే పడిపోయారు. ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను. డాక్టరు ఇక ఒంటరిగా నడవనివ్వద్దన్నాడు. అంటే ఆవిడ కూర్చుంటే నేను కూర్చోవాలి, లేస్తే లేవాలి.

ఒక మాట అడుగుతాను. ఒక నెల వచ్చి ఉండగలవా? నీకు వీలైనప్పుడే. ఒక నెల చాలు. నాకు ఒంట్లో ఏమీ లేదు, కంగారు పడకు. ఊరికే అలిసిపోయాను.

మీ వదిన


స్టూడియో వెనక గది
వానలు తగ్గుముఖం పట్టాక

వదినకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకుంటున్నావేమో, తిట్టుకో.

రావాలనే ఉంది. హాలు వాళ్ళు తేదీ ముందుకి జరిపారు. నా ఫొటో నేను తీసుకోవడమే పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. పలక తయారుచేసి, కెమెరాలో పెట్టి, పరిగెత్తి వెళ్ళి కుర్చీలో కూర్చునేసరికి నా గుండె దడకే మొహం చెదిరిపోతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గాజు కడగడం, పోయడం, పారేయడం. ఆ మందు వాసనకి తల దిమ్మెక్కిపోతోంది. ఈ ఒక్కటీ అయిపోనీ, వచ్చి నెల కాదు, రెండు నెలలు ఉంటాను.

గోడ మీద ఏం రాయాలో నిర్ణయించాం. "మూడు తరాలు, ఒకే ముఖం." బాగుందా? ప్రారంభం రోజు నువ్వు కూడా వస్తే ఎంత బాగుండునో. కుదరదని తెలుసులే. అమ్మని ఎవరి మీద వదిలిపెడతావు?

మోచేయి మానిందా?

నీ
మసిపాప


పై అంతస్తు ఇల్లు
చలి ముదిరాక

మసిపాపకు,

మోచేయి మానింది.

నేను నీ ప్రదర్శనకి వచ్చాను. నీకు చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పకూడదనే చాలా రోజులు ఊరుకున్నాను, కానీ దీని తర్వాత రాయబోయే సంగతికి ఇది చెప్పకపోతే నువ్వు ఇంకోలా అనుకుంటావు.

కాంపౌండరమ్మ ఒక పూట తను కూర్చుంటానంది. అత్తయ్యతో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పి మా డిపో బస్సే ఎక్కాను. కండక్టరు గుర్తుపట్టి ముందు సీటు ఖాళీ చేయించాడు. హాలు చాలా బాగుంది. తెల్లగోడలు, ఒక్కో పలక మీదా పడేలా ఒక్కో దీపం. అమ్మమ్మగారు, అత్తయ్య, నువ్వు. నీ ఫొటో చూసి నువ్వు ఇంత పెద్దదానివి ఎప్పుడయ్యావా అనుకున్నాను. నిజంగానే ఒకే ముఖం.

పలకరిద్దామని వస్తున్నాను. అప్పటికి నీ పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, అత్తయ్య ఫొటో చూపించి, భుజాల వెనక ఆ నల్లటి దిబ్బలాంటిది ఏమిటని అడిగింది.

"తల ఆనించుకునే స్టాండు," అన్నావు నువ్వు. "పాతకాలంలో కదలకుండా అలాగే పెట్టేవారు."

ఆవిడ తల ఊపింది. ఇద్దరూ ముందుకి వెళ్ళిపోయారు. నేను పక్కనున్న స్తంభం వెనకే నిలబడ్డాను. నువ్వు నవ్వుతూ మాట్లాడుతున్నావు. నిన్ను అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది. ఆ సంతోషం మధ్యలోకి వచ్చి నిలబడ బుద్ధి కాలేదు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బస్సు ఎక్కగానే నిద్ర పట్టేసింది, దిగాల్సిన చోటు దాటిపోయాను. వెనక్కి నడిచి వచ్చేసరికి అత్తయ్య ఏడుస్తున్నారు, కాంపౌండరమ్మ కూడా ఏడవడానికి సిద్ధంగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నా సెలవు ఇక పొడిగించరట. వచ్చి చేరతావా, మానేస్తావా చలికాలంలోగా తేల్చుకోమని డిపో నుంచి కబురు వేసవిలోనే వచ్చింది. నువ్వు ఫొటో తీయడానికి వచ్చినప్పటికే వచ్చి ఉంది. చెప్తే నువ్వు తీయలేవని చెప్పలేదు. ఇక్కడి డిపోలో ఖాళీ లేదు, మూడు గంటల ప్రయాణంలో ఉన్న పెద్ద డిపోలో వేశారు. చేరతానని సంతకం పెట్టాను. అక్కడ ఉద్యోగినుల హాస్టల్లో గది చూసుకున్నాను.

నేను వెళ్ళాక అత్తయ్య దగ్గర నువ్వు ఉండాలి, లేదా వృద్ధుల హోములో చేర్చాలి. ఏదైనా సరేనని మీ అన్నయ్య రాశారు. ఆయనకి ఏదైనా సరే. నేను నిన్ను అడగడం లేదు మసిపాపా, చెప్తున్నాను. ఒకసారి అడిగాను కదా.

మీ వదిన


స్టూడియో వెనక గది
ఆ మరుసటి వారం

వదినకు,

నీ ఉత్తరానికి రెండు జవాబులు రాసి చించేశాను. మొదటిదాంట్లో చరిత్రపాఠం చెప్పాను. పాతకాలంలో పసిపిల్లల్ని ఫొటో తీసేటప్పుడు తల్లులే గుడ్డ కప్పుకుని వెనక కూర్చుని పట్టుకునేవారనీ, ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయనీ, వాటిలో తల్లి ఒక కుర్చీలాగో తెరలాగో కనిపిస్తుందనీ. చదువుకుంటే నాకే ఒళ్ళు మండింది. రెండోదాంట్లో అంతా ఏడుపే. అదీ నీకు పనికొచ్చేది కాదు.

ఎందుకలా అన్నానంటే, గోడ మీద మూడు తరాలని రాసుకున్నాను. ఆ వెనక ఉన్నది మా వదిన అంటే, మరి ఆవిడ ఫొటో ఏదీ అంటారు. స్టాండు అనడం సులువుగా వచ్చింది.

వస్తున్నాను. హోము వద్దు. స్టూడియోకి తాళం వేస్తాను, పెళ్ళి ఫొటోలు ఒప్పుకున్నవి వేరేవాళ్ళకి అప్పజెప్పాను. ఎన్నాళ్ళో నాకు తెలియదు, నువ్వూ అడగకు.

ఒక్క కోరిక. నువ్వు బయల్దేరేలోపు ఒక పలక తీయనీ. గుడ్డ లేకుండా, నీ మొహం. ఆ ముగ్గురి పక్కన పెడతాను. గోడ మీది మాట కూడా మార్చేస్తాను.

నీ
మసిపాప


వంటింటి గట్టు మీద
నేను బయల్దేరే పొద్దున

మసిపాపకు,

నువ్వు వచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. కాంపౌండరమ్మ అత్తయ్య దగ్గర ఉంది. ఆమెకి టీ ఇచ్చి, ఆమె కొడుకు గురించి ఒక మాట అడిగి పంపించు. అడగకుండా పంపితే రేపటి నుంచి రాదు.

ఫొటో వద్దు. నీ మీద కోపంతో అనడం లేదు. నేను కనిపించాలని కాదు నా గోల. మైకు ముందు కూర్చునే మనిషిని, నా మొహం ఎవరికీ తెలియకుండానే అన్నేళ్ళు హాయిగా ఉన్నాను. గోడ మీద నన్ను పెడితే చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు, నువ్వు తేలికపడతావు, నేను మళ్ళీ ఇక్కడే ఉంటాను. నాకు కావాల్సింది ఈ ఇంట్లోంచి బయటపడి పనిలోకి వెళ్ళడం. నువ్వు వస్తున్నావు. అది చాలు.

ఇక అత్తయ్య సంగతి. పొద్దున లేపేటప్పుడు చేతులు పట్టి లాగకు, భుజం కింద నీ చెయ్యి దూర్చి నీ వైపు దొర్లించు. ముందు నీ మోకాళ్ళు వంచు, లేకపోతే వారంలో నీ నడుము పోతుంది. తినిపించేటప్పుడు తల ఊగితే గడ్డం పట్టుకోకు, ఆవిడకి ఊపిరాడనట్టు ఉంటుంది. వెనక నిలబడి రెండు అరచేతులూ చెవుల వెనక ఆనించు, నొక్కకు, ఊరికే ఆనించు. నీ చేతుల వేడి తగిలాక నిదానంగా అదే ఆగుతుంది. కాఫీ చల్లారాక ఇవ్వు. మాత్ర నోట్లో దాచుకుంటారు, నాలుక ఎత్తించి చూడు. అబద్ధాలాడితే నమ్మినట్టు ఉండు. మధ్యాహ్నం ఎవరో వచ్చారని అంటారు, ఎవరూ రారు, అయినా తలుపు తీసి చూసి రా. చూడకపోతే సాయంత్రం దాకా అదే అడుగుతారు.

స్నానాలగదిలో చాప వేశాను. అది తీయకు.

దుప్పట్లు ఉతికి బీరువా కింద అరలో పెట్టాను. నీ సీసాలు వంటింట్లో మాత్రం పెట్టకు, ఆవిడ ఏది దొరికితే అది తాగేస్తారు.

వదిన


పై అంతస్తు ఇల్లు
ఎండలు మొదలయ్యాక

వదినకు,

ఈ ఉత్తరం మూడో విడత. రెండు సార్లు మధ్యలో లేచి వెళ్ళాల్సి వచ్చింది.

నువ్వు రాసిన కాగితం బీరువా తలుపుకి అంటించాను. అన్నీ అలాగే చేస్తున్నాను. చెవుల వెనక చేతులు ఆనించడం ఒక్కటే రావడం లేదు. నా చేతులు చల్లగా ఉంటాయి, అమ్మ ఉలిక్కిపడుతుంది. వేడినీళ్ళలో ముంచుకుని వస్తున్నాను.

సీసాలూ కెమెరా మెట్ల కింద పెట్టుకున్నాను. వచ్చిన కొత్తలో ఒక రోజు అమ్మ నిద్రపోతోంది కదా అని ఒక పలక పోశాను. వెండి నీళ్ళలోంచి తీసి కెమెరాలో పెట్టానో లేదో, పైనుంచి పిలుపు. వెళ్ళి చూస్తే ఎవరో వచ్చారట, తలుపు తీయమంది. తీసి చూసి, వెళ్ళిపోయారని చెప్పి, నీళ్ళు పట్టి, దుప్పటి కప్పి కిందికి వచ్చేసరికి పలక ఆరిపోయింది. మళ్ళీ పోయలేదు. వేళ్ళ మరకలు కూడా వదిలిపోతున్నాయి. ఇప్పుడు నన్ను చూస్తే మసిపాప అన్న పేరుకి సాక్ష్యం ఏమీ లేదు.

బస్సమ్మాయి ఏదీ అని గంటకోసారి అడుగుతుంది. బస్సు ఇంకా రాలేదంటాను. నమ్ముతుంది. నమ్మినందుకు నాకు మరీ కష్టంగా ఉంటుంది. నన్నేమని పిలవాలో ఆవిడకి తెలియడం లేదు. ఒక రోజు ఏమండీ అంది.

హాలు వాళ్ళు పలకలు తిరిగి పంపారు. పెట్టె విప్పలేదు.

ఇన్నాళ్ళూ నువ్వు ఇదంతా ఎలా చేశావో అని రాయను, అది రాసినా నీకేం ఒరుగుతుంది? ఒకటి మాత్రం అడుగుతాను. అక్కడ కొన్నాళ్ళు చేశాక మళ్ళీ సెలవు ఇస్తారా మీ డిపోలో? ఊరికే అడుగుతున్నాను.

నీ
మసిపాప


ఉద్యోగినుల హాస్టల్, కిటికీ ఉన్న గది
అదే నెల చివర్లో

మసిపాపకు,

ఊరికే అడగలేదని నాకు తెలుసు. ఇవ్వరు. ఇచ్చినా తీసుకోను.

ఈ మాట రాయడానికి నాకు వారం పట్టింది. రాశాక చూసుకుంటే అంత చెడ్డగా లేదు.

గది చిన్నది. ఒక మంచం, ఒక కుర్చీ, తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. వచ్చిన కొత్తలో డ్యూటీ దిగి పడుకుంటే మొద్దులా నిద్రపోయేదాన్ని. మెలకువ వచ్చేసరికి రెండు చేతులూ గాలిలో ఎత్తి ఉండేవి, ఎవరి తలో పట్టుకున్నట్టు. పక్కమంచం అమ్మాయి చూసి భయపడి మంచంతో సహా గది మార్చుకుంది. అలా నాకు ఒంటరి గది దక్కింది. ఇప్పుడు చేతులు మంచం మీదే ఉంటున్నాయి.

ఇక్కడ బస్సులు చాలా ఎక్కువ. గొంతు బొంగురుపోతోంది. అయినా మైకు నొక్కి మొదటి బస్సు చెప్పేటప్పుడు ఒళ్ళంతా నాది నాకు తిరిగి వచ్చినట్టు ఉంటుంది. అత్తయ్య గుర్తొస్తారు. రోజూ వస్తారు. కానీ గుర్తు రావడం వేరు, వెళ్ళి ఉండటం వేరు.

నీ చేతులు చల్లగా ఉండటం కాదు, నువ్వు భయపడుతున్నావు. ఆవిడకి అది తెలుస్తుంది. ఆనించాక ఏదైనా మాట్లాడు. బస్సుల పేర్లయినా చదువు, నేను అదే చేసేదాన్ని.

కాంపౌండరమ్మని మధ్యాహ్నాలు కూర్చోమని నువ్వు నోరు తెరిచి అడగాలి. నువ్వు అడగవు, నీకు అభిమానం. అడుగు. ఆమెకీ పొద్దుపోదు. ఆ రెండు మూడు గంటలూ మెట్ల కింద నీ పని చూసుకో. మీ అన్నయ్యకి కూడా రాశాను. వానలు పడ్డాక ఓడ దిగుతారట. దిగాక ఉన్నన్నాళ్ళూ ఆయన వంతే, నీది కాదు, నాది కాదు. ఆయన మొదటిసారి వాతావరణం గురించి రాయకుండా సరే అని ఒక్క ముక్క రాశారు.

వచ్చే ఆదివారం నాకు సెలవు. వస్తాను. చుట్టపుచూపుగా వస్తాను. దుప్పటి మార్చను, గిన్నె కడగను, ముందే చెప్తున్నాను. నువ్వు కాఫీ పెట్టి ఇస్తే కూర్చుని తాగుతాను.

మీ వదిన


పై అంతస్తు ఇల్లు
గురువారం

వదినకు,

కాంపౌండరమ్మని అడిగాను. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని చీవాట్లు పెట్టింది. నిన్న మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. మెట్ల కింద నేను పలకలేమీ పోయలేదు. కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. లేచాక ఒక సీసా మాత్రం కడిగి పెట్టుకున్నాను.

ఆదివారం వస్తున్నానన్నావు కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి.

ఈ పొద్దున ఆసుపత్రి నుంచి నర్సు వచ్చింది, అమ్మ కాళ్ళ వాపు చూడటానికి. నేను వెనక నిలబడి అమ్మ తల పట్టుకున్నాను, నర్సు ఆమె నాలుక కింద థర్మామీటరు పెట్టి జ్వరం చూస్తోంది. అయ్యాక నర్సు మాట కలపడానికి, ఈవిడ ఎవరమ్మా అని అడిగింది. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మా కోడలు," అంది.

కూతుళ్ళు లేరా అంది నర్సు.

"ఉంది. ఫొటోలు తీస్తుంది. దానికి తీరిక ఉండదు పాపం." ఇంకేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, మళ్ళీ అంది. "అన్నీ ఈ పిల్లే చూసుకుంటుంది. ఇది లేకపోతే నేనెప్పుడో పడిపోయేదాన్ని."

నేను కూతుర్నే అమ్మా అందామని నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఆవిడ కంగారు పడుతుంది, నర్సు ముందు చిన్నబోతుంది, కాసేపటికి మర్చిపోతుంది. పైగా ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఏముందని? నర్సు పెట్టె సర్దుకుంటూ, అత్తగారిని బాగా చూసుకుంటున్నారండీ అంది. అవునండీ అని, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కోడలి చెయ్యి అనుకునే పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

పొద్దుటి బస్సుకే రా. భోజనం నేనే చేస్తాను, ఎలా ఉన్నా తినాలి. నిన్ను చూసి ఆవిడ ఎవరనుకుంటుందో నేను చెప్పలేను. కూతురా, వచ్చావా అంటే మాత్రం, వదినా, సరిదిద్దకు. వచ్చానమ్మా అని పక్కన కూర్చో.

మసిపాప